రెండో పెట్ స్కాన్‌కి వచ్చే ముందు

క్యాన్సర్‌కి తీసే మొదటి పెట్ స్కాన్‌కి అందరూ భయంభయంగా వస్తారు. చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తారు. రెండు మూడు సైకిళ్ల (విడతల) కీమో అయ్యాక రెండో స్కాన్‌కి వచ్చేసరికి ధీమా వచ్చేస్తుంది. "మాకు తెలుసులే మేడం, పోయినసారి చేయించుకున్నాంగా" అంటారు. నేను చూసినంతలో పాడయ్యేవి, వెనక్కి పంపాల్సి వచ్చేవి ఎక్కువగా ఆ రెండోవే.

నాది తెనాలి. పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. సూది ఇచ్చేది, మెషీన్ మీద పడుకోబెట్టేది, బొమ్మ తీసేది నేను. ఆ బొమ్మ చూసి రిపోర్టు రాసేది డాక్టరు. అందుకని ఏ మందు వాడాలి, ఏది మానాలి అనే జోలికి నేను పోను. స్కాన్ సరిగ్గా రావాలంటే మీ వైపు నుంచి ఏం జరగాలో, మా వైపు నుంచి ఏం జరగాలో చెబుతాను.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కీమో పనిచేస్తోందా లేదా అని చూసే స్కాన్‌లో మేం కొలిచేది తేడాని. అప్పటికీ ఇప్పటికీ మధ్య మారింది గడ్డ ఒక్కటే అయి ఉండాలి. తిండి, షుగరు, సూదికీ స్కాన్‌కీ మధ్య టైము, మెషీను, ఇవి కూడా మారిపోతే ఆ తేడా గడ్డదో, పొద్దున తిన్న ఇడ్లీదో ఎవరూ చెప్పలేరు.

ఆ సూదిలో ఉండేది

దాని పేరు ఎఫ్‌డీజీ, అంటే ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్. గ్లూకోజ్ అణువులో ఒకచోట ఉండే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటను తీసేసి, ఆ ఖాళీలో రేడియోధార్మిక ఫ్లోరిన్-18ని తగిలిస్తారు. కణానికి అది మామూలు చక్కెరలాగే కనిపిస్తుంది, లోపలికి రానిస్తుంది. లోపల హెక్సోకైనేజ్ అనే ఎంజైము దాని మీద ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది. మామూలు గ్లూకోజ్ అయితే అక్కణ్ణించి ముందుకెళ్లి శక్తిగా ఖర్చయిపోతుంది. ఇది ముందుకెళ్లలేదు. ముద్ర పడింది కాబట్టి వెనక్కీ రాలేదు. తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లాక వెనక గేటు వేసేసి, ముందు గేటు తియ్యకపోతే ఎలా ఉంటుందో అలా ఇరుక్కుంటుంది. గంట గడిచేసరికి, చక్కెర కోసం ఎగబడే కణాల్లో అది ఎక్కువగా పోగుపడి ఉంటుంది. ఆక్సిజన్ దండిగా ఉన్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ని విపరీతంగా లాగేస్తాయని జర్మనీలో ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. మా పనంతా ఆ ఆకలి మీద నడుస్తోంది.

ఫ్లోరిన్-18 వదిలే పాజిట్రాన్ అనే సూక్ష్మకణం పక్కనున్న ఎలక్ట్రాన్‌ని తగిలి, రెండూ మాయమై, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో పోతాయి. మీరు పడుకునే ఆ గుండ్రటి చట్రం రెంటినీ ఒకేసారి పట్టుకుని అవి ఎక్కడ పుట్టాయో లెక్క కడుతుంది. అదే పెట్. దాంతోపాటు తీసే సీటీ, ఆ వెలుగు ఏ అవయవంలో ఉందో చూపిస్తుంది.

ఈ మందుని నిల్వ పెట్టుకోలేం. 110 నిమిషాల్లో సగం అయిపోతుంది, ఇంకో 110 నిమిషాల్లో ఆ సగంలో సగం. పొద్దున్నే సైక్లోట్రాన్ అనే యంత్రంలో తయారై, సీసపు డబ్బాలో బండెక్కి మా దగ్గరికి వస్తుంది. వాన పడి రోడ్లు జామైన రోజు మా కళ్ల ముందే మందు ఆవిరైపోతున్నట్టు ఉంటుంది; చివర్లో ఉన్న పేషెంటుకి డోసు సరిపోతుందా లేదా అని టెన్షన్. 1976లో మనుషులకి మొట్టమొదటిసారి ఎఫ్‌డీజీ ఇచ్చినప్పుడు కూడా ఇదే బాధ. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో తయారు చేసి, విమానంలో ఫిలడెల్ఫియాకి తీసుకెళ్లి, అక్కడ అబాస్ అలవి అనే డాక్టరు ఇద్దరు వాలంటీర్లకి ఇచ్చారు. మన దేశంలో మొదటి మెడికల్ సైక్లోట్రాన్ 2002లో ముంబై పరేల్‌లో మొదలైంది. ఇదంతా ఎందుకంటే, పదింటికి రమ్మంటే పదకొండున్నరకి వచ్చి "కాస్త లేటైంది" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలని.

ఇక కీమో సంగతి. మందు తగిలిన కణం ముందు ఆకలి పోగొట్టుకుంటుంది, గడ్డ చిక్కడం ఆ తర్వాత. సీటీలో సైజు తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది. పెట్‌లో వెలుగు అంతకంటే ముందే తగ్గుతుంది. కడుపులోనో పేగులోనో వచ్చే జిస్ట్ అనే గడ్డకి ఇమాటినిబ్ మాత్రలు మొదలుపెడితే, సీటీలో సైజు అలాగే ఉండగానే పెట్‌లో వెలుగు రోజుల్లోనే ఆరిపోవచ్చు.

అన్ని క్యాన్సర్లూ వెలగవు. ప్రొస్టేట్‌లో చాలా వరకు, నెమ్మదిగా పెరిగే కొన్ని రకాల గడ్డలు ఎఫ్‌డీజీని అంతగా పట్టించుకోవు. మొదట్లోనే వెలగని గడ్డ తర్వాత ఆరిందా అని చూడటానికి ఏమీ ఉండదు. అందుకే మొదటి కీమో ఎక్కకముందే ఒక స్కాన్ చేతిలో ఉండాలి. "ముందు రెండు సైకిళ్లు అయిపోనీ, అప్పుడు తీయిద్దాం" అనుకుని వచ్చినవాళ్లకి, ఇప్పుడు ఎంత ఉందో చెప్పగలం కానీ ఎంత తగ్గిందో చెప్పలేం.

తేదీ ఎప్పుడు పెట్టించుకోవాలి

వీలైనంత వరకు వచ్చే కీమోకి ఒకట్రెండు రోజుల ముందు. కీమో అయిన వారంలోపు తీస్తే రెండు రకాలుగా మోసపోతాం. మందు దెబ్బకి కణాలు తాత్కాలికంగా మూర్ఛపోయి వెలగకపోవచ్చు. లేదా చచ్చిన కణాల్ని శుభ్రం చేయడానికి వచ్చిన తెల్లకణాలు చక్కెర తిని వెలగవచ్చు. కీమోకీ స్కాన్‌కీ మధ్య కనీసం పది రోజులైనా ఉండాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. మొత్తం ట్రీట్‌మెంట్ అయిపోయాక తీసే చివరి స్కాన్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. రేడియేషన్ పెట్టి ఉంటే దాదాపు మూడు నెలలు, ఎందుకంటే కాలిన చోట వాపు చాలా కాలం వెలుగుతూనే ఉంటుంది.

ఇంకో దొంగ ఉంది. కీమో మర్నాడు చాలామందికి పొట్ట మీదో చేతికో ఒక సూది వేస్తారు, తెల్లకణాలు పెరగడానికి. మా వార్డు భాషలో గ్రోత్ ఇంజెక్షన్. అది ఎముక మూలుగని తట్టిలేపుతుంది. లేచిన మూలుగ చక్కెర లాగుతుంది. స్కాన్‌లో వెన్నెముక మొత్తం, తుంటి ఎముకలు, కొన్నిసార్లు ప్లీహం కూడా దీపావళి దండలా వెలిగిపోతాయి. కొత్తవాళ్లు ఆ బొమ్మ చూస్తే "ఎముకలకి పాకేసింది" అని గుండెలు బాదుకుంటారు. ఆ సూది ఏ రోజు వేశారో మాకు చెప్పండి. దానికీ స్కాన్‌కీ మధ్య రెండు వారాలైనా ఉంటే మాకు తలనొప్పి తగ్గుతుంది.

ఇలాగే ఈ మధ్య ఏదైనా టీకా వేయించుకున్నారా, పన్ను పీకించుకున్నారా, జ్వరం వచ్చి తగ్గిందా, ఆపరేషన్ కుట్లు ఉన్నాయా అన్నీ చెప్పాలి. కోవిడ్ టీకాలు ముమ్మరంగా వేసినప్పుడు టీకా వేసిన వైపు చంకలో గ్రంథులు వెలుగుతుంటే మేమే తలపట్టుకున్నాం. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆవిడకి చంకలో వెలుగు కనిపిస్తే దాని అర్థమే వేరు కదా.

ప్రతి సైకిల్‌కీ ఒక పెట్ తీయమని అడిగేవాళ్లుంటారు. వద్దు. ఫలానా టైములో చూస్తే ఫలానా నిర్ణయం తీసుకోవచ్చు అని తెలిసినప్పుడే దానికి విలువ. లింఫు గ్రంథుల్లో వచ్చే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో రెండు సైకిళ్లు అయ్యాక పెట్ తీస్తారు. రాథల్ అనే ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. 1,200 మందికి పైగా పాల్గొన్న ఆ ట్రయల్‌లో రెండు సైకిళ్ల తర్వాత వెలుగు ఆరిపోయినవాళ్లకి, ఆ నాలుగింట్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే బ్లియోమైసిన్‌ని మిగతా సైకిళ్లలో తీసేసినా వ్యాధి అదుపు దాదాపు అలాగే ఉంది, ఊపిరితిత్తులకి హాని తగ్గింది. వెలుగు ఆరనివాళ్లకి ఇంకా ఘాటైన బీకాప్ కీమోకి మార్చారు. అంటే మీరు మా బల్ల మీద పడుకునే ఆ ఇరవై నిమిషాల మీద, మిగతా నాలుగు నెలలు ఏ మందు ఎక్కుతుందనేది ఆధారపడి ఉంటుంది. అందుకే ఇంత చాదస్తం.

ముందు రోజు, ఆ పొద్దున

ఆ మధ్య ఖమ్మం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. లింఫోమా, మూడు సైకిళ్లు అయ్యాయి. పక్కన కొడుకు.

"ఏమైనా తిన్నారా పెద్దాయనా?"

"లేదు తల్లీ. పచ్చి మంచినీళ్లే."

వేలి మీద గుచ్చి చూస్తే షుగరు 241. మళ్లీ చూశాను, అంతే. మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టర్ కనిపించింది. అదేంటని అడిగితే కొడుకు చెప్పాడు: "నాన్న బాగా నీరసంగా ఉన్నాడని మా ఊరి ఆర్ఎంపీ గారు ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించారు మేడం. తెల్లారి నాలుగింటికి, బండెక్కే ముందు. మీరు తినొద్దన్నారు గానీ ఎక్కించుకోవద్దనలేదుగా." షుగరు మాత్ర కూడా వేసుకోలేదు. పరగడుపున రమ్మన్నారని మాత్ర కూడా మానేశారు.

ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు. మన ఊళ్లలో ఒంట్లో బాగాలేని మనిషికి సెలైన్ ఎక్కించడమంటే ప్రేమ చూపించడం. తప్పు మాదే, మా చీటీలో "ఏమీ తినకండి" అని మాత్రమే ఉంది. మూడు రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నాం, అప్పుడు 138. అప్పటి నుంచి ఫోన్‌లో నేను చెప్పేది ఇలా ఉంటుంది: ఆరు గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏదీ లోపలికి పోకూడదు, నోటి ద్వారా అయినా నరం ద్వారా అయినా. కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్, చక్కెర లేని టీ అయినా సరే, దగ్గు సిరప్, గొంతు బిళ్లలు, ప్రసాదం చిటికెడైనా, ఏవీ వద్దు. వేరే జబ్బు కోసం సెలైన్ ఎక్కుతూ ఉంటే అందులో గ్లూకోజ్ ఉందా లేదా కనుక్కోండి.

ఎందుకింత పట్టింపు అంటే, తింటే ఇన్సులిన్ వస్తుంది. ఇన్సులిన్ వస్తే కండరాలు, గుండె తలుపులు బార్లా తెరిచి చక్కెరని లాగేసుకుంటాయి. మేమిచ్చిన ఎఫ్‌డీజీ కూడా వాటికే పోతుంది. పైగా రక్తంలో మామూలు గ్లూకోజ్ ఎక్కువుంటే అది ఎఫ్‌డీజీతో పోటీ పడుతుంది. ఫలితంగా గడ్డ మసకగా కనిపిస్తుంది. ఇక్కడే అసలు ప్రమాదం: తిని వస్తే స్కాన్ పాడైనట్టు కనిపించకపోవచ్చు, కీమో బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపించవచ్చు. మొదటి స్కాన్ పరగడుపున, రెండోది బిస్కెట్ తిని చేయించుకుంటే "బాగా తగ్గింది" అని లేని తగ్గుదల మీద సంతోషపడతాం.

ముందు రాత్రి భోజనం తేలిగ్గా, అన్నం, చపాతీ, పండ్లు, స్వీట్లు లేకుండా తినమంటాం. గుడ్లు, చికెన్, పనీర్, కూరలు. అన్నం తినకుండా ఒక్క పూట ఉండలేనా అంటే ఉండలేమనేవాళ్లే ఎక్కువ, నాకు తెలుసు. కనీసం తగ్గించండి. ముందు రోజంతా బరువులు ఎత్తడం, పరుగులు, జిమ్ము వద్దు. అలసిన కండరం మర్నాడు కూడా వెలుగుతుంది. వక్కపొడి, చూయింగ్ గమ్ నమిలితే దవడ కండరాలు వెలుగుతాయి.

షుగరు ఉన్నవాళ్లు సొంతంగా మాత్రలు మానకండి. తేదీ ఖాయం చేసుకునేటప్పుడే మీకు షుగరుందని, ఏం వాడుతున్నారో చెప్పండి. మా దగ్గర 200 దాటితే స్కాన్ వాయిదా వేస్తాం. దింపడానికి అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసి వెంటనే తీస్తే అది తినొచ్చినదానికంటే ఘోరం. మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉండాలి. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి పేగులు బాగా వెలుగుతాయి. పొట్టలో జబ్బు ఉన్నవాళ్లకి ఇది అడ్డం కాబట్టి, రెండు రోజులు ఆపాలా వద్దా అని మీ డాక్టర్ని అడగండి. మొదటి స్కాన్‌కి ఎలా చేశారో రెండోదానికీ అలాగే చేయండి. ఇంకో సంగతి, కీమోతోపాటు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు చాలామందికి, ఆర్-చాప్ అనే లింఫోమా కీమోలో అయితే వరసగా ఐదు రోజులు. వాటివల్ల షుగరు లేనివాళ్లకి కూడా పెరుగుతుంది. స్కాన్ తేదీ సైకిల్ చివర్లో పెట్టడానికి ఇదీ ఒక కారణం.

పల్చటి దుస్తులు, లోహం లేనివి. మంగళసూత్రం తీయాల్సి వస్తుందేమో అని పెద్దవాళ్లు కంగారు పడతారు. మెడ దగ్గర బొమ్మ సరిగ్గా రావాలంటే తీయిస్తాం. కావాలంటే ఆ కాసేపు పసుపుతాడు కట్టుకుని రండి, దానికి మాకేం అభ్యంతరం లేదు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నా, చంటిబిడ్డకి పాలిస్తున్నా సూదికి ముందే చెప్పాలి.

శాలువా తెచ్చుకోండి. మే నెలైనా సరే.

మా గదిలో

శాలువా ఎందుకంటే, చలేస్తే కొందరికి, ముఖ్యంగా సన్నగా ఉండే వయసు పిల్లలకి, మెడ పక్కన, భుజాల దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వు ఒంట్లో వేడి పుట్టించడానికి చక్కెర కాలుస్తుంది. లింఫోమా గ్రంథులు ఉండేదీ అక్కడే. రెండూ కలిసిపోతే విడదీయడం కష్టం. ఏసీ తగ్గిస్తాం, దుప్పటి ఇస్తాం, అయినా ఇంటి నుంచి కప్పుకుని రావడమే మేలు.

రాగానే ఎత్తు, బరువు చూస్తాం. "పోయిన నెల 68 ఉన్నానండీ, రాసేసుకోండి" అనకండి, తూచకుండా మమ్మల్నీ ఒప్పుకోనివ్వకండి. ఇది నేను చేసిన తప్పు నుంచి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అబ్బాయి, ఇరవై రెండేళ్లుంటాయి, కీమోతో చిక్కి సగమయ్యాడు. ఆ రోజు రద్దీ. కంప్యూటర్‌లో పాత బరువు 68 అని ఉంటే అలాగే వదిలేశాను. అసలు బరువు 59.

దానివల్ల ఏమైందో చెప్పాలంటే ఎస్‌యూవీ అంటే ఏంటో చెప్పాలి. చారులో ఉప్పు సమంగా కలిస్తే ఏ గరిటెలో చూసినా ఒకే ఉప్పు. అలాగే మేమిచ్చిన చక్కెర ఒంటి బరువంతా సమంగా పరుచుకుంటే ప్రతి చోటా ఎస్‌యూవీ 1 ఉంటుంది. ఒకచోట 11 ఉందంటే సగటుకంటే పదకొండు రెట్లు అక్కడ పోగుపడిందన్నమాట. ఈ లెక్కకి మూడు కావాలి: ఆ చోట ఎంత వెలుగుందో, ఎంత డోసు ఇచ్చామో, మనిషి బరువెంతో. బరువు ఎక్కువ రాస్తే అంకె అంత ఎక్కువ వస్తుంది.

ఆ అబ్బాయికి ఛాతీలో గడ్డ మొదటి స్కాన్‌లో 11.2. రెండోదాన్లో 6.9 అని వచ్చింది. మా డాక్టరు గారు ముందు గడ్డ చూడలేదు, లివర్ చూశారు. మొదటిసారి 2.1 ఉన్న లివర్ ఇప్పుడు 2.5 ఎందుకైంది? "బరువు తూచావా అమ్మాయ్?" అన్నారు. 59 వేసి మళ్లీ లెక్క కడితే లివర్ 2.2, గడ్డ 6.0. తగ్గుదల 38 శాతం అనుకున్నది 46 అయింది. కానీ రెండు లెక్కల్లోనూ గడ్డకీ లివర్‌కీ ఉన్న నిష్పత్తి మాత్రం ఒక్కటే, రెండున్నర రెట్లు పైన. బరువు తప్పయితే రెండూ ఒకేలా తప్పుతాయి మరి. లివర్ మా పడికట్టు రాయి. కొట్టువాడి తక్కెడ మీద అనుమానం వస్తే ముందు రాయిని చూసినట్టు, అంకె మీద అనుమానం వస్తే ముందు లివర్‌ని చూడాలి. ఆ రోజు నేర్చుకున్నాను.

తర్వాత షుగరు పరీక్ష, నరానికి కాన్యులా అనే చిన్న గొట్టం. జబ్బు ఏ వైపు ఉంటే దానికి ఎదురు చేతికి. కీమోతో నరాలు గట్టిపడినవాళ్లకి దొరకడం కష్టం, ఓపిక పట్టండి. సూది వేసేటప్పుడు మంటగా అనిపించినా, ఉబ్బినా వెంటనే చెప్పండి. మందు నరం బయటికి కారితే ఒంట్లోకి వెళ్లిన డోసు తగ్గి, గడ్డ తక్కువగా వెలుగుతుంది. మర్యాదకి పళ్లబిగువున ఊరుకోకండి. సిరంజిని ముందు కొలుస్తాం, వేశాక ఖాళీ సిరంజినీ కొలుస్తాం. 8.2 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతకి కొలత) తీసి అందులో 0.3 మిగిలితే మీలోకి వెళ్లింది 7.9. సూది వేసిన నిమిషం రాసుకుంటాం. ఆ గోడ గడియారం, మెషీన్ గడియారం పది నిమిషాలు తేడా ఉంటే లెక్కలో ఆరు శాతం తేడా వస్తుంది. అందుకే రోజూ పొద్దున నా మొదటి పని గడియారాలు కలపడం.

ఇక గంటసేపు మసక వెలుతురు గదిలో పడుకోవడమే. మాట్లాడకూడదు, ఫోన్ వద్దు. ఒక మామ్మగారు ఆ గంటా పెదాలు కదుపుతూ, చిన్న గొంతుతో స్తోత్రాలు చదువుకున్నారు. స్కాన్‌లో నాలుక, స్వరపేటిక చక్కగా వెలిగాయి. ఆవిడకి గొంతు క్యాన్సర్ కాకపోవడం వల్ల బతికిపోయాం. మనసులో చదువుకోండి, దేవుడు వింటాడు.

గంట అంటే గంటే. గడ్డ ఆ తర్వాత కూడా చక్కెర లాగుతూనే ఉంటుంది. మొదటి స్కాన్ 60 నిమిషాలకి తీసి, రెండోది మెషీన్ ఖాళీ లేక 90 నిమిషాలకి తీస్తే, తగ్గిన గడ్డ కూడా తగ్గనట్టు కనిపిస్తుంది. రెంటి మధ్య తేడా పది నిమిషాలు దాటకూడదని నియమం. మీరు కూడా అడగొచ్చు: "పోయినసారి ఎన్ని నిమిషాలకి తీశారు?" అని. అడిగితే ఎవరైనా విసుక్కుంటే పట్టించుకోకండి.

లోపలికి వెళ్లే ముందు మూత్రం పోసి రావాలి. ఎఫ్‌డీజీ మూత్రంలోకి పోతుంది, నిండిన బ్లాడర్ టార్చిలైటులా వెలిగి చుట్టుపక్కల్ని కనబడనివ్వదు. స్కాన్ పదిహేను నుంచి పాతిక నిమిషాలు, చేతులు తల మీదికి. భుజం నొప్పి ఉంటే ముందే చెప్పండి, మధ్యలో చెయ్యి దించితే బొమ్మ చెదిరిపోతుంది.

అయ్యాక తినొచ్చు, నీళ్లు బాగా తాగాలి. ఆ రోజు సాయంత్రం వరకు చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు, గర్భిణుల పక్కన కూర్చోవద్దు. మర్నాడు పొద్దునకి మందు వెయ్యో వంతు కూడా ఉండదు. 8 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీతో ఒంటికి అందే రేడియేషన్ ఐదారు మిల్లీసీవర్ట్‌లు, సీటీది అదనం. మనందరికీ నేల నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 ఎలాగూ అందుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక

చాలామంది నేరుగా ఎస్‌యూవీ మ్యాక్స్, అంటే గడ్డలో అన్నిటికంటే ఎక్కువ వెలిగిన చోటి అంకె, అన్న మాట దగ్గరికి పరిగెడతారు. వాట్సాప్ గ్రూపుల్లో "మా అమ్మకి 14, మీ నాన్నకి ఎంత?" అని పోల్చుకుంటారు. అది రెండు ఇళ్ల కరెంటు బిల్లులు పోల్చి ఎవరి ఫ్యాన్ బాగా తిరుగుతోందో చెప్పడం లాంటిది. మీ అంకెని మీ పాత అంకెతోనే పోల్చాలి, అదీ ఒకే మెషీన్ మీద తీసినప్పుడు.

ముందు రిపోర్టు పైభాగం చూడండి: షుగరు ఎంత, డోసు ఎంత, ఎన్ని నిమిషాలకి తీశారు. తర్వాత లివర్ విలువ రెండు రిపోర్టుల్లోనూ దగ్గరదగ్గరగా ఉందా చూడండి. ఒకసారి 2.1, ఇంకోసారి 3.4 ఉంటే గడ్డ గురించి సంతోషించే ముందైనా ఏడ్చే ముందైనా ఎందుకలా అని అడగండి.

లింఫోమా అయితే డోవిల్ స్కోరు ఉంటుంది. ఫ్రాన్స్‌లో సముద్రపు ఒడ్డునున్న డోవిల్ అనే ఊళ్లో 2009లో నిపుణులు కూర్చుని ఖాయం చేసిన లెక్క, అందుకే ఆ పేరు. పాత జబ్బు చోట ఇప్పుడు ఎంత వెలుగుందో రెండు పడికట్లతో పోలుస్తారు: ఛాతీ మధ్యలో పెద్ద రక్తనాళాల్లోని రక్తం, లివర్. వెలుగే లేకపోతే 1. రక్తం కంటే మించకపోతే 2. రక్తం కంటే ఎక్కువై లివర్‌ని దాటకపోతే 3. లివర్ కంటే కొంచెం ఎక్కువైతే 4. బాగా ఎక్కువైతే, లేదా కొత్త చోట జబ్బు వస్తే 5. మామూలుగా 1, 2, 3 వస్తే మంచి స్పందన కింద లెక్క. మా గదిలో జరిగే చిన్నచిన్న పొరపాట్లని ఈ పద్ధతి చాలావరకు తట్టుకుంటుంది, ఇందాక ఆ అబ్బాయి విషయంలో చూశారుగా. నాకు దీనిమీద గౌరవం అందుకే.

మిగతా గడ్డలకి పెర్సిస్ట్ అనే పద్ధతి ఉంది, అదీ 2009దే. బరువు బదులు కొవ్వు మినహాయించిన బరువుతో లెక్క కట్టి, కనీసం 30 శాతం తగ్గితే స్పందన అంటారు. అంటే 9 ఉన్నది 8 అయితే పండగ చేసుకోనక్కర్లేదు, 8 ఉన్నది 9 అయితే కుంగిపోనక్కర్లేదు. అంత తేడా ఒకే మనిషికి రెండుసార్లు తీసినా రావచ్చు.

"కంప్లీట్ మెటబాలిక్ రెస్పాన్స్" (వెలుగు పూర్తిగా ఆరిపోయింది) అని ఉండి, కింద "3 సెంటీమీటర్ల గడ్డ మిగిలి ఉంది" అని కూడా ఉంటే రెండూ నిజమే. మంట ఆరిపోయాక బొగ్గు మిగిలినట్టు మచ్చకట్టిన కండ అది. హాడ్జ్‌కిన్‌లో ఇది మామూలు.

దీనికి ఎదురు సంగతి, వెలిగేదంతా క్యాన్సర్ కాదు. మన దేశంలో ముఖ్యంగా టీబీ. కీమోతో రోగనిరోధక శక్తి పడిపోయిన మనిషికి లోపల నిద్రపోతున్న టీబీ లేస్తే గ్రంథులు అచ్చం లింఫోమాలాగే వెలుగుతాయి. వయసులో ఉన్నవాళ్లకి కీమో అయ్యాక ఛాతీ పైభాగంలో థైమస్ అనే గ్రంథి తిరిగి పెరిగి వెలుగుతుంది; తల్లిదండ్రులు హడలిపోతారు, డాక్టరు నవ్వి ఊరుకుంటారు. ఇమ్యునోథెరపీ తీసుకునేవాళ్లలో తెల్లకణాలు గడ్డలోకి చొరబడి, తగ్గే ముందు కొన్నాళ్లు పెరిగినట్టు కనిపించడం ఉంది. పాత జబ్బు అంతా ఆరిపోయి ఎక్కడో ఒక్క కొత్తచోట వెలిగితే, మందు మార్చే ముందు అక్కణ్ణించి ముక్క తీసి పరీక్ష చేయించాలా అని మీ డాక్టర్ని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

చివరిగా సీడీ. ఫిల్ములు గోడకి పెట్టి చూసుకోవడానికే, పోల్చడానికి సీడీ కావాలి. వేరే సెంటర్‌కి వెళ్లాల్సి వస్తే ఇది లేకుండా వెళ్లకండి. ఇంటికి రాగానే ఒక చిట్టీ మీద ఆరు ముక్కలు రాయండి: తేదీ, కీమో అయిన ఎన్నో రోజు, బరువు, షుగరు, డోసు, సూదికీ స్కాన్‌కీ మధ్య నిమిషాలు. అది సీడీ కవర్‌లో పెట్టి, కవర్ మీద తేదీ మార్కర్‌తో పెద్దగా రాయండి. బీరువాలో పెళ్లి సీడీల పక్కన పెట్టకండి. పోయినవారం ఒకాయన రెండో స్కాన్‌కి ఎంతో జాగ్రత్తగా పట్టుకొచ్చిన సీడీ పెడితే, తెర మీద వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ మొదలైంది.